చౌడు పోసిన మిద్దె, ఉప్పు తింటున్న మేడ

కరువుసీమలో కూర్చుని సముద్రతీరపు మేడల గురించి వ్రాయడమేమిటని మిత్రులు నవ్వవచ్చు. మా కణేకల్‌లో ఇసుకకు కొదవ లేదు, సముద్రమే లేదు. అయినా విశాఖలో మా అక్కయ్య ఇంట పది రోజులుండి వచ్చాక వ్రాయకుండా ఉండలేకపోతున్నాను.

వాళ్ళది సముద్రానికి కూతవేటు దూరంలో, 30 ఏళ్ళు దాటిన అపార్టుమెంటు. కార్లు నిలిపే చోట ఒక స్తంభం పెచ్చూడి, లోపలి కమ్మీ తుప్పుపట్టి పొరలుగా రాలుతోంది. ఆ స్తంభానికే తాడు కట్టి వాచ్‌మన్ భార్య బట్టలు ఆరవేసుకుంటోంది. ఆ సంసారమంతా అక్కడే. ఇదేమిటని అడిగితే, "పోయినేడు సిమెంటు పూశారు, మళ్ళీ ఊడింది. దసరాకి రంగులతో పాటు ఇదీ పూయిస్తారులేరా" అంది అక్కయ్య.

నాకు మా అవ్వ మట్టిమిద్దె గుర్తుకు వచ్చింది. ఏటా తొలివానకు ముందే మిద్దె మీద కొత్త చౌడు పోయించేది. కారిన తరువాత చూద్దామని ఒక్క ఏడూ అనలేదు. నిరుపేద మట్టిమిద్దెకు దక్కిన ఆ శ్రద్ధ లక్షలు పోసి కొన్న మేడకు దక్కడం లేదు!

కాంక్రీటులోని క్షారగుణం కమ్మీకి తుప్పు పట్టకుండా కాపాడుతుంది. ఉప్పుగాలిలోని క్లోరైడు ఏళ్ళ తరబడి సన్నని రంధ్రాల గుండా ఇంకి ఆ రక్షణను ఛేదిస్తుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి కాంక్రీటును లోపలినుంచి చీలుస్తుంది. అంటే పెచ్చూడడం రోగారంభం కాదు, రోగం ముదిరిన గుర్తు. దానిపై సిమెంటు పూయడం చీముపట్టిన పుండుకు గంధం పూయడమే. సముద్రతీర వాతావరణాన్ని ఐఎస్ 456:2000 ప్రమాణం తీవ్రమైనదిగా లెక్కించి, కమ్మీపై కనీసం 45 మిల్లీమీటర్ల కాంక్రీటు కప్పు ఉండాలంటుంది. సాధారణ వాతావరణంలో 20 చాలు. మరి ఆ ప్రమాణం వచ్చేనాటికే నిలబడి ఉన్న మేడల మాటేమిటి?

అమెరికాలోని సర్ఫ్‌సైడ్‌లో 1981లో కట్టిన 12 అంతస్తుల మేడ 2021 జూన్ 24 వేకువన కూలి 98 మంది మరణించారు. కాంక్రీటు దెబ్బతిన్నదని 2018లోనే ఒక ఇంజనీరు నివేదిక ఇచ్చాడు. ఖర్చు భరించే విషయంలో యజమానుల మధ్య వాదాలు నడిచాయి. మరమ్మతు మొదలయ్యేలోగా మేడ ఆగలేదు.

అది అమెరికా, మన దగ్గర అలా జరగదంటారా? మా చెరువుకు నీళ్ళిచ్చే తుంగభద్రనే చూడండి. 1953 నాటి ఆనకట్ట చెక్కుచెదరలేదు. 2024 ఆగస్టు 10 రాత్రి తెగింది ఒక గొలుసు. 19వ గేటు కొట్టుకుపోయి, మేము ఏడాదంతా ఎదురుచూసే నీళ్ళు వృథాగా దిగువకు పారాయి. కన్నయ్యనాయుడుగారు మరికొందరు నిపుణులతో కలిసి వారంలో అడ్డుకట్ట వేయించారు. ఆయనకు చేతులెత్తి మొక్కాము. మొక్కవలసిందే. కాని తెగకముందే గొలుసును పరీక్షించమని అరిచేవాడికి మన సమాజంలో ఏనాడైనా ఒక దండ పడిందా?

పరీక్ష చేయిస్తే ఫ్లాటు ధర పడిపోతుందన్నది యజమానుల అసలు భయం. ధర పడితే నష్టం వారిది, స్తంభం పడితే ప్రాణం వాచ్‌మన్ పిల్లలది. వారికి సంఘం సమావేశంలో ఓటు లేదు. ఓటు లేనివారి నెత్తిన ప్రమాదాన్ని ఉంచి, ఓటున్నవారు ధర కాపాడుకోవడాన్ని నేను పొదుపు అనలేను, అది క్రౌర్యం.

30 ఏళ్ళు దాటిన భవనాలకు ఇంజనీరు ధ్రువపత్రాన్ని ముంబై నగరపాలక చట్టం తప్పనిసరి చేసింది. ఫ్లోరిడా 2022లో, 30 ఏళ్ళకొకసారి, అటుపై పదేళ్ళకొకసారి తనిఖీ జరగాలని చట్టం తెచ్చింది. ఉప్పుగాలి తగిలే మన ఊళ్ళన్నిటా అంతకంటే ముందే తనిఖీ జరగాలి. ఆ నివేదికను లిఫ్టు పక్కన, అద్దెకున్నవారికీ పనివారికీ అర్థమయ్యే తెలుగులో అంటించాలి. మరమ్మతు నిధిని రంగుల నిధిలో కలపకూడదు.

అక్కయ్యతో ఈ మాటే అన్నాను. వచ్చే సమావేశంలో అడుగుతానంది. తీరాన ఉన్న మిత్రులారా, మీ మేడకు ఎన్నేళ్ళు? దాని స్తంభాలను చివరిసారి తట్టి చూసినది ఎవరు?