హోటల్ కార్డు చూపిస్తే ఓడలో మర్యాద

దువ్వాడలో ఏడాదికి ముప్పైసార్లు రైలెక్కినా మన ఆర్‌ఏసీ ఆర్‌ఏసీయే. హోటళ్లు, ఓడల సంగతి వేరు. ఒకచోట మీరు పాత కస్టమరని చూపిస్తే, ఇంకోచోట మొదటిసారే ఆ మర్యాద దొరకొచ్చు. దీన్నే స్టేటస్ మ్యాచ్ అంటారు. ఎంఎస్‌సీ క్రూజెస్ ఇందుకు పేరుమోసింది. పెద్ద హోటల్ గ్రూపుల్లో మీ స్థాయి చూపిస్తే, తన వోయేజర్స్ క్లబ్‌లో తగిన మెట్టు ఇస్తుంది. పై మెట్లవాళ్లు క్యూ లేకుండా ఓడెక్కొచ్చు.

ఆఫీసు పనిమీద ఊళ్లు తిరిగేవాళ్లు ఇది గట్టిగా పట్టుకోవాలి. బిల్లు కంపెనీ కట్టినా, హోటల్‌లో గడిపిన రాత్రులు మామూలుగా మీ పేరునే జమవుతాయి. (మీ కంపెనీ రూలు ఓసారి చూసుకోండి.) మెంబర్ నంబరు ఇవ్వకపోయినా, వేరే యాప్‌లో బుక్ చేసినా అవి చాలావరకు పోయినట్టే.

తిరగనివాళ్లకు కార్డులున్నాయి. 2023లో వచ్చిన హెచ్‌డీఎఫ్‌సీ మారియట్ కార్డు సిల్వర్ హోదా ఇస్తుంది, ఏడాదికి రూ.3,000, పైన జీఎస్టీ. మొదటి జీతంలోంచి హోదా కోసమే అంత కట్టడం నా లెక్కలో శుద్ధ దండగ. వీసా, విమానం ఖర్చుల్ని ఏ హోదా తగ్గించదు.

విశాఖ రేవుకి 2022లో కార్డేలియా ఓడ వచ్చింది, 2023లో క్రూజ్ టెర్మినలూ తెరిచారు. ఎంఎస్‌సీ ఎక్కాలంటే మాత్రం ఏ బార్సిలోనాకో మయామీకో పోవాల్సిందే. అందుకే ప్రయాణం ఖాయమనుకున్నాకే మ్యాచ్ అడగండి. అడిగేముందు హోటల్ కార్డు మీదా పాస్‌పోర్టులోనూ పేరు ఒకేలా ఉందో లేదో చూడండి. మన ఇంటిపేర్లు ఒకచోట పొడి అక్షరంగా, ఇంకోచోట పూర్తిగా ఉంటాయి, చిక్కంతా అక్కడే.