పిట్టల పాటయు నొక చదువే



చిక్కడపల్లి, అశోక్‌నగర్ వీథులలో కాపురముండు మనకు ఉద్యోగపరీక్షల మాట క్రొత్తది కాదు. జిల్లాలనుండి వచ్చిన పిల్లలు గదులు అద్దెకు తీసికొని నగర కేంద్ర గ్రంథాలయములో ప్రొద్దస్తమానము చదువుచుందురు. ఇట్టి చోట నొక తల్లి మాతో విచారముగా ననినది: "మా అమ్మాయికి డిగ్రీ అయిపోయింది వదినగారూ. పక్షుల పాటల మీద పరిశోధన చేస్తానని పట్టుపట్టింది. పిట్టలు కూస్తూంటే విన్నందుకు జీతమెవరిస్తారండీ?"

ఆమె భయము న్యాయమైనదే. మేము నవ్వి త్రోసిపుచ్చలేదు. సలీం ఆలీగారి చరిత్రమును మాత్రము ఆమెకు వినిపించితిమి. అందు ధైర్యమునకును, భయమునకును గూడ చోటు కలదు.

1896లో బొంబాయిలో జన్మించిన ఈయన బాల్యముననే తల్లిదండ్రులను గోలుపోయి మేనమామ యింట పెరిగిరి. చదువు పట్టాదాక సాగలేదు. భారత జంతుశాస్త్ర సర్వే శాఖలో పక్షిశాస్త్రజ్ఞుని కొలువు పట్టా లేని కారణమున దక్కలేదు. 1926లో బొంబాయి మ్యూజియమున చూపరులకు వివరించి చెప్పు చిన్న యుద్యోగము దొరకినది. సెలవు పెట్టి బెర్లినునకు పోయి, స్ట్రెసెమాను పండితునికడ శాస్త్ర మభ్యసించి 1930లో తిరిగివచ్చు నప్పటికి ఆ యుద్యోగమును లేకపోయెను. భార్య తహ్మీనాగారితో సముద్రతీరమునందలి కిహీము గ్రామము చేరిరి. జీతము లేని ఆ వానకాలముననే ఆయన నిచ్చెన యెక్కి కూర్చుండి గిజిగాని గూళ్లను పరిశీలించిరి.

మగ గిజిగాడు వానలు పడగానే పసుపుపచ్చని తలతో, రొమ్ముతో సింగారించుకొని, గడ్డిపోచలు చీల్చి తెచ్చి, ఈతమట్టకో తుమ్మకొమ్మకో గూడు అల్లుట పల్లెలలో పుట్టిన మనకు తెలిసినదే. గూడు బోర్లించిన టోపీవలె సగమైనప్పుడు పని ఆపును. ఆడుపిట్టలు గుంపుగా వచ్చినంతనే చెట్టుమీది మగపిట్టలన్నియు రెక్క లార్చుచు నొక్కుమ్మడిగా పాట మొదలుపెట్టును. ఆడుది పాటకు పరవశించి పోవునని కవులు వ్రాయుదురు గాని, ఇచ్చట జరుగునది వేరు. ఆమె గూటిలో దూరి, లోపలనంతయు పరికించి, నచ్చనిచో మారుమాట లేక ఎగిరిపోవును. పెండ్లిచూపులకు వచ్చి ఇంటి గోడలు తట్టి చూచునది పెండ్లికూతురే! నచ్చెనా, మగడు క్రిందికి దిగు గొట్టము నల్లి గూడు ముగించును. పిమ్మట గ్రుడ్లు పొదుగుట, పిల్లలను సాకుట ఆమె వంతు. ఆ మహానుభావుడు ప్రక్కకొమ్మను మరియొక గూ డారంభించి మరియొకతెకై పాడుచుండును. సగము గూళ్లు మగపిట్టల వినోదార్థమని అంతకుముందు తలచెడివారు. ఆలీగారి వ్యాసము 1931లో ప్రకటింపబడిన పిదప సంగతి తేటపడెను.

తరువాత 1931-32లో ఆయన మన హైదరాబాదు రాజ్యమునందలి పక్షుల సర్వే చేసిరి. ఖర్చులు మాత్రము భరించిన చాలును, జీత మక్కరలేదని చెప్పి చేసిన పని యది. తహ్మీనాగారు వెంటనుండి గుడారముల కాపురము నడపిరి. అడవిలో వంట, సామాను, బండ్లు, పనివాండ్రు. ఇవి యెట్టి భారమో చెప్పుట కీ పత్రిక చదువువారికంటె నెవరున్నారు? సర్వే నివేదికలు అచ్చయినవి, పేరు ఆయనది. ఆమె 1939లో చిన్న శస్త్రచికిత్స పిదప మరణించినది. పట్టాలేని యాయనకు 1978లో మన ఆంధ్ర విశ్వవిద్యాలయము గౌరవ డాక్టరేటు నిచ్చెను. ఆ దినము చూచుట కామె లేదు. ఈ కథలో మమ్ము నొప్పించునది యిదియే. తన జీవిత మొకని విద్యకు ధారపోసినదానికంటె, తానే ఆ విద్య నేర్చు పిల్లను చూచిన మాకు ముచ్చట.

అమెరికాలో మార్గరెట్ మోర్స్ నైస్ అను గృహిణి ఆడుపిల్లలను పెంచుకొనుచు, కొలంబసు పట్టణములో తమ యింటిచేరువ పిచ్చుకజాతి పాటపిట్టల కాళ్లకు రంగుకడియములు తొడిగి, ఏండ్లతరబడి గమనించి 1937లోను, 1943లోను రెండు గ్రంథములు వెలువరించినది. ఏ విశ్వవిద్యాలయమును ఆమెకు జీత మీయలేదు.

నేడు కాలము కొంత మారినది. తిరుపతిలో 2015లో స్థాపించిన ఐసర్ విద్యాసంస్థయందు పశ్చిమ కనుమల పక్షుల పాటలను పరిశోధించువా రున్నారు. పాటను యంత్రమున పట్టి, బొమ్మగా మార్చి, శ్రుతి ఎక్కడ లేచెనో యెక్కడ తగ్గెనో కంటితో చూతురు. అయినను కొలువులు కొలదియే. ఆ మాట దాచి పిల్లను పంపుట ధర్మము కాదు.

మరియొక విశేషము. పాడునది మగపిట్టయే యని శాస్త్రజ్ఞులు చిరకాలము నమ్మిరి. 2014లో ప్రకటించిన పరిశోధనలో 323 జాతులను విచారింపగా నూటికి 71 జాతులలో ఆడుపిట్టయు పాడుచున్నదని తేలినది. చలిదేశములలో మగవి పాడుటయే యెక్కువగా విని, అదియే లోకరీతి యనుకొనిరి! మన కోకిల సంగతి దీనికి తలక్రిందు: వసంతమున కుహూరవము మగదానిది, ఆడుదాని కూత వేరు.

2003లో హాలెండునందలి లైడెను పట్టణమున, రొద హెచ్చైనచోట పిట్టలు తమ పాటలోని మంద్రస్వరములను విడిచి పైశ్రుతిని పాడుచున్నవని కనుగొనిరి. మన నారాయణగూడ చౌరస్తాలో పిగిలిపిట్ట యేమి చేయుచున్నదో! కోరికగలవారు వేకువ అయిదుగంటలకు మేడపై నొక నోటుపుస్తకముతో నిలువుడు. తేది, గంట, ఏ పిట్ట, ఎక్కడ కూర్చుండి పాడెను, జతది జవాబిచ్చెనా, ఇవి వ్రాసికొనుడు. తేనెపిట్ట మీ తీగెకు గూడు కట్టినచో, అల్లుచున్నది ఆడుదో మగదో చూచి మాకు జాబు వ్రాయుడు.