రెండో సూది ఎగ్గొట్టకండి

చంటిబిడ్డకి టీకా అనగానే మన ఇళ్ళల్లో చిన్న పంచాయితీ మొదలవుతుంది కదండీ! "మొన్న సూది వేయిస్తే రెండ్రోజులు జ్వరంతో మూలిగాడు, మళ్ళీ ఎందుకూ?" అంటారు అత్తగారు. "నీ ఇష్టం" అని ఆయన తప్పుకుంటారు. చివరికి నిర్ణయం మన నెత్తినే పడుతుంది.

అత్తగారిదీ ప్రేమే. ఎదురు చెప్పేకన్నా విడమర్చి చెబితే మేలు. 6, 10, 14 వారాలకి వేసే పెంటావాలెంట్ టీకా కోరింత దగ్గు, కంఠసర్పి, ధనుర్వాతం వంటి అయిదు జబ్బుల్ని అడ్డుకుంటుంది. తర్వాత ఒళ్ళు వెచ్చబడటం, తొడ కాస్త వాయడం మామూలే. రెండ్రోజుల్లో తగ్గిపోతాయి.

మరి తట్టు సంగతో? "మా పిల్లలందరికీ పోసింది, వేపాకుతో తగ్గింది" అంటారు పెద్దలు. తగ్గినవాళ్ళే మనకి గుర్తుంటారు. న్యుమోనియాతో పోయిన పిల్లల గురించి, చూపు పోయిన పిల్లల గురించి ఎవరూ ఎత్తరు. టీకా లేని పదిమంది తట్టు ఉన్న బిడ్డ దగ్గర మసిలితే తొమ్మిదిమందికి అంటుకోగలదు.

"ఒకటి వేయించాంగా" అని ఊరుకోకండి. 9 నెలలకి వేసే ఎం.ఆర్. సూది సుమారు 85 శాతం మందికే పట్టుకుంటుంది. మిగతావారి కోసమే 16-24 నెలల మధ్య రెండోది. పాలు ఒక్కోసారి తోడుకోకపోతే మళ్ళీ మజ్జిగ చుక్క వేస్తాం చూడండి, అలాగన్నమాట!

పట్టుగా వేయిస్తే ఏమవుతుందో పోలియో చుక్కలే సాక్ష్యం. మన దేశంలో సహజ పోలియో వైరస్ చివరి కేసు 2011 జనవరిలో హౌరాలో వచ్చింది. 2014 మార్చిలో పోలియో రహిత గుర్తింపు దక్కింది.

గుర్తుంచుకోండి:

* సూది వేయించాక అరగంట అక్కడే కూర్చోండి.
* వాచిన చోట నూనె మర్దనా, వేడి కాపడం వద్దు. చల్లని తడిగుడ్డ వేయండి.
* జ్వరం మందు నర్సమ్మ చెప్పిన మోతాదులోనే ఇవ్వండి.
* కొద్దిపాటి జలుబుకి టీకా ఆపక్కర్లేదు.
* ఫిట్స్ వచ్చినా, ఆయాసపడినా, గంటల తరబడి ఏడుపు ఆపకపోయినా వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి.
* తేదీ దాటిపోయిందా? మొదటినుంచీ వేయించక్కర్లేదు, మిగిలినవి వేయిస్తే చాలు. ఎం.ఆర్. 5 ఏళ్ళు నిండేవరకూ వేస్తారు.

ఇవాళ వంటపని అయ్యాక బీరువాలోంచి టీకా కార్డు తీసి చూడండి. ఖాళీ గడి కనిపిస్తే, మీ ఊళ్ళో టీకాల రోజెప్పుడో ఆశా కార్యకర్తని అడగండి. వీలైతే అత్తగారినీ వెంట తీసుకెళ్ళండి. నర్సమ్మ నోటితో వింటే ఆవిడ మనసూ కుదుటపడుతుంది.