జడలు కట్టుట దేవి పిలుపు కాదు

మన బళ్లారి సీమలో ఆడపిల్ల తల జడలు కట్టినచో, అది ఎల్లమ్మ పిలుపని పసుపుకుంకుమలు పూసి, దువ్వెన తాకనీయని వాడుక యున్నది. ఆ జడలే సాకుగా ఎందరు బాలికలను సవదత్తి యమ్మవారికి విడిచిరో! దేవదాసీ సమర్పణను నిషేధించుచు కర్ణాటకము 1982లో, ఆంధ్రప్రదేశ్ 1988లో శాసనములు చేసినవి. దువ్వని జుట్టున చెమట, మురికి, పేలు చేరినచో చిక్కు పడును, ఇందు దైవమేమి? సాధువులు కోరి పెంచిన జడలనైనను కుంకుడుకాయలతో రుద్ది, ఎండలో బాగుగా ఆరబెట్టవలెను. తడి నిలిచినచో దుర్గంధము, పుండ్లు తప్పవు.

యశ్వంతనగరపు తెలుగు తల్లులారా! కచేరీలో ఏండ్ల తరబడి చిక్కు దస్త్రములు విప్పిన ముసలివాడను, మనవి చేయుచున్నాను: పసిదాని తలకు నూనె రాచి చిక్కు తీయుడు, విడనిచో కత్తిరింపుడు. జుట్టు మరల మొలచును. బిడ్డ బ్రతుకు మరల రాదు. ఎల్లమ్మ తల్లియే యైనచో ఇందుల కలుగదు.