ఏతమునకును మోటారునకును లెక్క యొకటే

వేసవి సమీపించినంతనే ఋణము కోరి వచ్చు సభ్యులలో పలువురు, ఉన్న మూడు అశ్వశక్తుల మోటారు చాలుట లేదనియు, ఐదింటిది కావలెననియు చెప్పుచున్నారు. పెద్ద మోటారు కొనుట తప్పని మేమనము. కాని కొనుటకు ముందు చూచుకొనవలసిన లెక్క యొకటి కలదు. మన పెద్దలు దానిని అక్షరము రాకయే ఎరిగియుండిరి.

వంశధార, నాగావళి కాలువల క్రింది పొలములకు నీరు తానై పారును. మెట్టచేలకు నీటిని నూతినుండి పైకి లేపవలెను. లేపుటకు ఎవ్వరో యొకరు శ్రమపడక తప్పదు. ఏతముపై నడచువాడు తన దేహపు బరువుతో బానను లేపెడివాడు. దిగిన కొననుండి మరల ఎగువకు నడచుటయే యతని శ్రమ. ఆ శ్రమయే నీరై చేనికి చేరెడిది.

గునపము సంగతియు నిట్టిదే. ఆనికకు ఇవతల నాలుగడుగులు, అవతల ఒక అడుగు ఉండునట్లు పట్టినచో, 25 కిలోల ఒత్తిడికి 100 కిలోల రాయి కదలును. కాని రాయి ఒక జాన లేచుటకు చేయి నాలుగు జానలు దిగవలెను. గోగునార కట్టను వాలు పలకపై బండికెక్కించునప్పుడును బలము తగ్గును, దూరము పెరుగును. యంత్రము శక్తిని పుట్టింపదు, మార్చి యిచ్చును. ఆ మార్పులో రాపిడి తన వంతు తాను తీసికొనును.

మోటారు ఈ ధర్మమునకు వెలిగాదు. ఒక అశ్వశక్తి యనగా సెకనునకు సుమారు 75 కిలోల బరువును ఒక మీటరు ఎత్తు లేపు పని. ఒక లీటరు నీరు ఒక కిలో తూగును. ఐదు అశ్వశక్తులు 10 మీటర్ల ఎత్తునకు సెకనుకు 37 లీటర్లు లేపవలెను. పంపులోను గొట్టములలోను సగము పోయినదనుకొన్నను 18 లీటర్లు రావలెను. 200 లీటర్ల పీపా సుమారు 11 సెకనులలో నిండవలెను. ఎత్తు 20 మీటర్లైనచో కాలము రెట్టింపగును. మూడు అశ్వశక్తుల మోటారుకు 10 మీటర్ల ఎత్తున 18 సెకనులు చాలును.

కనుక మా సలహా యిది. నీటిమట్టమునుండి గొట్టము నోటివరకు ఎత్తు కొలువుడు. పీపా నిండు కాలము చూడుడు. లెక్కకంటె మిక్కిలి ఆలస్యమైనచో దోషము మోటారు చిన్నదగుటలో లేదు. అడుగు వాల్వు కారుచుండవచ్చును. గొట్టము ఇరుకై, వంపులు మిక్కుటమై యుండవచ్చును. వీనిని బాగుచేయుటకగు ఖర్చు క్రొత్త మోటారు వెలకంటె ఎంతో తక్కువ. ఇక నూతి ఊటయే తక్కువైనచోట పెద్ద మోటారు నీటిని పెంచదు. నూతిని త్వరగా ఎండగట్టును.

2004 నుండి సేద్యమునకు విద్యుత్తు ఉచితము కదా, ఈ లెక్క లెందుకని కొంద రనవచ్చును. 1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్కేంద్రము పని మొదలుపెట్టినది. అచ్చట కొండపైనుండి పడు నీటి శక్తియే తీగలవెంట వచ్చి నూతి నీటిని లేపగలదు. ఒకచోట నీరు పడనిదే, లేదా బొగ్గు కాలనిదే, వేరొకచోట నీరు లేవదు. కరెంటునకు రైతు పైకము చెల్లింపకపోవచ్చును. కాని కరెంటు ఉండు గంటలు మితము, ఋణమునకు వడ్డీ తప్పదు.

మోటారు ఋణపు దరఖాస్తుతోపాటు నూతి ఎత్తు, ఊట, పీపా నిండిన కాలము వ్రాసి యిచ్చు ఆచారమును మన సంఘము నెలకొల్పవలెనని మా అభిప్రాయము. ఇది ఋణము నిరాకరించుటకు గాదు. సభ్యుని పైకము రాపిడిపాలు గాక పైరుపాలగుటకే. వచ్చు సర్వసభ్య సమావేశమున సభ్యులు దీనిని ఆలోచింతురుగాక.