ఆట అయిపోవాలి కదండీ!

మా ఇంట్లో టీవీకి తగిలించుకుని ఆడే పాత బేస్‌బాల్ గేమ్ ఇంకా ఉందంటే చాలామంది నవ్వుతారు. "చిన్నపిల్లల ఆట, పైగా అమెరికా వాళ్ళ ఆట, కూచిపూడిలో ఉండి నీకెందుకమ్మా?" అంటారు. ఆ మాట అనేటప్పుడు కూడా వాళ్ళ వేళ్ళు ఫోన్లో రంగురంగుల మిఠాయిలు జరుపుతూనే ఉంటాయి. అక్కడే నాకు ఒళ్ళు మండుతుంది.

అందులో ఏముందో చెప్తాను. నింటెండో వాళ్ళు 1983లో జపాన్‌లో తెచ్చిన ఆట అది. తొంభైల్లో మన దగ్గర అమ్మిన నకిలీ టీవీ గేముల క్యాసెట్లలో ఇదీ ఉండేది. ఆటగాళ్ళకి పేర్లు లేవు. దిక్కులు మార్చే మీట ఒకటి, బటన్లు 2. బంతి వెనక వాళ్ళే పరిగెడతారు. మనం వెయ్యాలి, కొట్టాలి, ఎటు విసరాలో చూసుకోవాలి. 3 స్ట్రైకులకి ఒకళ్ళు అవుట్, ముగ్గురు అవుటైతే అవతలి జట్టు వంతు. కర్రాబిళ్ళ ఆడినవాళ్ళకి ఇది నేర్పక్కర్లేదు. 9 ఇన్నింగ్స్ అయ్యాక, స్కోరు సమం కాకపోతే, ఆట అయిపోతుంది.

నాకు నచ్చింది ఆ అయిపోవడమే. ఫోన్ ఆటలు అయిపోవు. ఒక లెవెల్ దాటగానే ఇంకోటి. ఓడిపోతే కాసేపు ఆగు, లేదా ప్రకటన చూడు, లేదా డబ్బు కట్టు. అంట్లు తోమి చెయ్యి తుడుచుకునేలోపు సింకు మళ్ళీ నిండినట్టు. తెమలని పనులు మనకి చాలవా, తెమలని ఆట కూడానా? ఇక డబ్బు పెట్టి ఆడేవాటి సంగతి. మన రాష్ట్రం 2020లో ఆన్‌లైన్ రమ్మీని నిషేధించింది, 2025 ఆగస్టులో పార్లమెంటే చట్టం చేసింది. ఎన్ని ఇళ్ళు గుల్లయితే అంతదాకా వచ్చిందంటారు? పాత క్యాసెట్‌కి మన బ్యాంకు ఖాతా తెలీదు.

"ఆ టైములో పనికొచ్చేది ఏదైనా చెయ్యొచ్చుగా" అనే పెద్దవాళ్ళకీ ఓ మాట. అమ్మమ్మలు 14 గుంటల్లో చింతగింజలు పంచుకుంటూ వామనగుంటలు ఆడలేదా? మగవాళ్ళు అరుగు మీద పేకాడితే కాలక్షేపం, మనం అరగంట ఆడితే పనిలేకపోవడమా? మన ఊరి పేరు మోసే నాట్యాన్నే ఒకప్పుడు ఆడవాళ్ళు ఆడే ఆనవాయితీ లేదు. వేదాంతం సత్యనారాయణ శర్మగారు సత్యభామ వేషం కట్టి పేరు తెచ్చుకున్న ఊరిది. ఇవాళ కూచిపూడి నేర్చుకునేవాళ్ళలో ఎక్కువమంది ఆడపిల్లలే. ఎవరు ఆడొచ్చో, ఎవరు ఆడకూడదో చెప్పే మాటలు ఎన్నాళ్ళు నిలుస్తాయో మనకి తెలీదా?

ఈ ఆటే ఆడమని నేననను. మీ ఇష్టమైంది ఆడుకోండి. ఆడేముందు మూడు సంగతులు చూసుకోండి. అది అయిపోతుందా? డబ్బడుగుతుందా? పక్కన ఇంకో మనిషికి చోటుందా? నా పాత ఆటకి రెండో జాయ్‌స్టిక్ ఉంది, కోడలైనా కూర్చోవచ్చు, అత్తగారైనా కూర్చోవచ్చు.

మధ్యలో ఎవరైనా "కాఫీ" అని కేకేస్తే, మూడో అవుట్ అయ్యేదాకా ఆగమనండి.