బస్తీ పేరెత్తని హెచ్చరిక

1908 సెప్టెంబరు 28వ తేదీన హైదరాబాదులో మూసీ నది పొంగి వేలాది జనులను పొట్టబెట్టుకొన్ననాడు, ఎగువన ఎంత వాన కురియుచున్నదో అఫ్జల్‌గంజు వారికి తెలుపగల సాధన మేదియు లేకుండెను. 2020 అక్టోబరు 17వ తేదీ రాత్రి కుండపోతకు గుర్రం చెరువు కట్ట తెగి హాఫిజ్‌బాబానగరు ఇండ్లలోనికి నీరు చొరబడునాటికో, బేగంపేటలో వాతావరణ శాఖవారి డాప్లర్ రాడారు నెలకొని ఏండ్లు గడచినవి.

ఆ యంత్రము సామాన్యమైనది కాదు. సుమారు 10 సెంటీమీటర్ల నిడివిగల రేడియో తరంగములను విడతలు విడతలుగా ఆకాశమునకు పంపి, చినుకులను తాకి మరలివచ్చినవానిని పట్టి, వచ్చుటకైన కాలమునుబట్టి దూరమును, తరంగములలోని మార్పునుబట్టి ఆ చినుకులు తనవైపు వచ్చుచున్నవో తొలగిపోవుచున్నవో గ్రహించును. చినుకు వ్యాసము రెండింతలైనచో మరలివచ్చు తరంగముల బలము 64 ఇంతలగును గనుక, వడగండ్ల మబ్బు దానిని మోసగించి లేని వానను చూపింపవచ్చును. వర్షమాపకముతో సరిచూచుకొనక తప్పదు. మరియొక చిక్కు కలదు. చార్మినారు బేగంపేటకు 10 కిలోమీటర్ల దూరముననే యున్నది; రాడారు తన చూపును 20 డిగ్రీలు పైకెత్తినను అచ్చట మూడున్నర కిలోమీటర్ల ఎత్తువరకే కాంచగలదు; 12 కిలోమీటర్లకు పైబడి పెరుగు ఉరుముల మబ్బు శిరస్సు దానికి కానరాదు. దీపము క్రింది చీకటి యనునది ఇచట మాటవరుసకు అన్నది కాదు! ఐనను నేలకు దిగు వానను చూచుటకు ఆ మాత్రపు ఎత్తు చాలును.

కాబట్టి నా అభియోగము యంత్రముపై గాక, దాని మాటను జనులకు చేర్చు పద్ధతిపైన. గల్లీకొక తీరుగా కురియు వానను రాడారు విడదీసి చూడగలుగుచుండ, రెండు మూడు గంటల ముందు వెలువడు హెచ్చరిక మాత్రము తరచు జిల్లా పేరుతో వెలువడును. ఆ వాన తనమీద పడునో మారేడుపల్లిమీద పడునో తలాబ్‌కట్టలోని వాడెట్లెరుగును? పైగా గుర్రం చెరువు రంగారెడ్డి జిల్లాలోనిది, మునిగిన ఇండ్లు హైదరాబాదు జిల్లాలోనివి. కాబట్టి జిల్లా పేరునకు బదులు, ఫలానా చెరువునకు నీరు తెచ్చు మేరలో ఇంత వాన పడుచున్నది, కట్ట నిండుటకు ఇన్ని అడుగులే వెలితి, దిగువ గల్లీలవారు మేడ లెక్కవలెను అని తెలుగునను ఉర్దూలోను మసీదు మైకులోను గుడి మైకులోను వినిపింపవలెను. ఇందులకు కొత్త రాడారు అక్కరలేదు; కట్టయొద్ద నీటిమట్టపు కొలబద్ద, రాత్రివేళ దానిని చూచి చెప్పు మనిషి, అతని ఫోను నెత్తు వార్డు కార్యాలయము చాలును. వాతావరణ శాఖ, నీటిపారుదల శాఖ, నగరపాలక సంస్థ, ఈ మూడింటిలో ఆ మాట పలుకవలసినవా రెవరో, పలుకనిచో జవాబు చెప్పవలసినవా రెవరో వానకాలమునకు ముందే వ్రాతపూర్వకముగా తేల్చవలెను.